వేలిముద్ర పడని చోట

(గుంటూరులో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ఏఐలో పెద్దవాళ్లెవరని అడిగితే మీరు కంపెనీలు పెట్టినవాళ్ల పేర్లు గడగడా చెప్తారు. ఈరోజు నేను ఏళ్ల తరబడి ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఒకావిడ గురించి చెప్పాలని వచ్చాను. ఆమె పేరు ఎల్హామ్ తబస్సీ. 1999లో అమెరికాలోని నిస్ట్‌లో చేరారు. అది 1901లో పుట్టిన ప్రమాణాల సంస్థ. మన మిర్చి యార్డులో కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర చూసి రైతు టిక్కీ తూకం వేయిస్తాడు కదా, అలాంటి నమ్మకానికి ఆధారమయ్యే కొలతలు తయారయ్యే చోటు.

ఆమె మొదట్లో పనిచేసింది వేలిముద్రల మీద. 2004లో నిస్ట్ విడుదల చేసిన ఎన్ఎఫ్ఐక్యూ అనే సాధనం వెనక ప్రధానంగా ఉన్నది ఆమే. స్కానర్ తీసిన ముద్రకు అది 1 నుంచి 5 దాకా మార్కు వేస్తుంది. 1 అంటే మేలైనది, 5 అంటే నాసిరకం. ముద్ర కంటికి ఎంత చక్కగా ఉందో దానికి అనవసరం. రేపు ఈ ముద్రను పోల్చి చూస్తే మిషన్ మనిషిని గుర్తుపడుతుందా, తడబడుతుందా అన్నదే ముందుగా అంచనా కడుతుంది. లోపల ఉన్నది న్యూరల్ నెట్‌వర్కే, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామే. ఏఐని ఎక్కడ నమ్మొచ్చో, ఎక్కడ తప్పుతుందో పరీక్షించి తేల్చడాన్ని ఇవాళ మనం ఏఐ అష్యూరెన్స్ అంటున్నాం. ఆ పనికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇది అమెరికా సంగతేలే అనుకోకండి. ఇక్కడ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా? పొద్దస్తమానం ఆ ఘాటులోనే పని. ఏళ్ల తరబడి కూలి చేసిన వేళ్లకు గీతలు అరిగిపోతాయి. ఆ చేత్తో రేషన్ షాపుకు వెళ్తే ఈ-పాస్ మిషన్ ముద్ర తీసుకోదు. "ఇంకో వేలు పెట్టమ్మా", "చెయ్యి తుడుచుకుని పెట్టు" అంటాడు డీలరు. వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. కార్డు ఆమెదే, బియ్యం ఆమెవే, అయినా తప్పు చేసినదానిలా నిలబడాలి. మన రాష్ట్రంలో కంటిపాపను చూసి గుర్తుపట్టే ఐరిస్ స్కానర్లు కూడా తెచ్చారు, మంచి పని. మిషన్ ఎవరి దగ్గర ఫెయిలవుతుందో ముందే కొలిచి, వాళ్లకు ఇంకో దారి సిద్ధంగా ఉంచడం సాంకేతిక పనే, ప్రజాసేవ కూడా.

ముఖాల విషయమూ అంతే. 2019 డిసెంబరులో నిస్ట్ ముఖాలను గుర్తుపట్టే 189 అల్గారిథమ్‌లను పరీక్షించిన నివేదిక ఇచ్చింది. ఒకరిని ఇంకొకరుగా పొరబడటం తెల్లవాళ్లతో పోలిస్తే ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్ ముఖాల్లో చాలా అల్గారిథమ్‌లకు 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఉందని తేలింది. సగటు చూసి సరిపెట్టుకుంటే ఇది బయటపడేదే కాదు.

తర్వాత తబస్సీ సారథ్యంలో 2023 జనవరిలో నిస్ట్ ఏఐ రిస్క్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. ఏఐతో వచ్చే ముప్పులను గుర్తించి అదుపులో పెట్టుకోవడానికి అదొక మార్గదర్శకం. 240కి పైగా సంస్థలతో మాట్లాడి తయారుచేశారు. ఆ ఓపిక మామూలుది కాదు. దాన్ని పాటించడం మాత్రం స్వచ్ఛందం. కంపెనీ యాప్ వరకు అది చాలునేమో. నచ్చకపోతే ఇంకో యాప్‌కి పోతాం. కానీ రేషన్‌కీ, పింఛనుకీ పేదవాడికి ఇంకో కౌంటరు లేదు. అలాంటి చోట పరీక్ష తప్పనిసరి కావాలి, ఫలితాలు జనం ముందు పెట్టాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మీలో చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టు మొదలుపెడుతున్నారు. రిపోర్టులో "అక్యురసీ 96 శాతం" అని రాసిన చోట కింద ఇంకో టేబుల్ పెట్టండి. మిగిలిన నాలుగు శాతంలో ఆడవాళ్లెంతమంది, అరవై దాటినవాళ్లెంతమంది, కూలి పని చేసేవాళ్లెంతమంది అని విడదీసి చూపించండి. డేటాలో ఆ వివరాలు లేకపోతే, లేవని అందులోనే రాయండి. గైడ్ అడగకపోయినా సరే, పెట్టండి.