పదిహేను మోటార్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్

(అనంతపురంలో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను.

డిస్ట్రిబ్యూటెడ్ అల్గారిథమ్‌లను, అంటే చాలా యంత్రాలు ఎవరికి వారుగా నడుస్తూ ఒక పని చేసే పద్ధతులను, ఏజెంట్ సిమ్యులేషన్ వాడి, అంటే ఒక్కో యంత్రాన్ని కంప్యూటర్‌లో ఒక్కో పాత్రగా నడిపి చూసి, పోల్చడం గురించి మాట్లాడమన్నారు. పుస్తకంలో టేబుల్ వేసి ఇచ్చే పోలిక మీకు తెలిసిందే. వలయంగా కలిపిన ఎన్ నోడ్‌లు, అంటే యంత్రాలు, తమలో ఒక లీడర్‌ను ఎన్నుకునే 1979 నాటి చాంగ్-రాబర్ట్స్ రింగ్ పద్ధతికి మరీ చెడ్డ సందర్భంలో ఎన్ స్క్వేర్ స్థాయిలో మెసేజ్‌లు, సగటున ఎన్ లాగ్ ఎన్. ఇది రాస్తే మార్కులు పడతాయి. మధ్యలో ఒక నోడ్ చచ్చిపోతే ఏమవుతుందో మాత్రం ఆ టేబుల్ చెప్పదు.

శింగనమల వైపు చీనీ తోటలు చూసే ఉంటారు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిహేను బోర్లు, అన్నిటికీ ఆటో స్టార్టర్లే అనుకోండి. త్రీఫేజ్ రాగానే అన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్యూజు ఎగిరితే అదృష్టం, లేకుంటే ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. ఎవరి మోటారు వాళ్లది, పెత్తనం ఎవరికీ లేదు. చెప్పండి, ఇది మన సిలబస్ కాదా?

నెట్‌లోగో అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మోటారును ఒక్కో ఏజెంట్‌గా పెట్టాం. అన్నీ ఒక్కసారే లేవకుండా రెండు పద్ధతులు చూశాం. ఒక పద్ధతి టోకెన్, అంటే వంతు. రెండోది, ఎవరినీ అడక్కుండా ఎవరికి వారు ర్యాండమ్‌గా కొన్ని సెకన్లు ఆగడం. అన్నీ బాగుంటే టోకెన్‌కు తిరుగులేదు. వంతు పట్టుకున్న స్టార్టరే చెడిందా, వెనకవాళ్ల చెట్లన్నీ ఎండాల్సిందే. టైమ్‌అవుట్, అంటే ఇంతసేపు చూసి వదిలేసే గడువు, పెట్టొచ్చు, ఎంత పెట్టాలన్నదే తగువు. ర్యాండమ్‌లో అప్పుడప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకేసారి లేస్తారు, కానీ ఒకరి కోసం ఇంకొకరు ఆగరు. సర్వర్లు ఓట్లేసి లీడర్‌ను ఎన్నుకునే రాఫ్ట్ అల్గారిథమ్ మీద 2014లో వచ్చిన పేపర్‌లో ఎలక్షన్ టైమ్‌అవుట్‌ను, అంటే లీడర్ కోసం చూసే గడువును, 150 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్య ర్యాండమ్‌గా తీసుకున్నదీ ఓట్లు చీలకూడదనే.

ఇదంతా ఒక ఆఫీసులో చూపిస్తే, ఆ సారు స్క్రీన్ చూసి "పిల్లలాడే గేమ్ లాగుందే" అన్నాడు. టీ కూడా ఇవ్వలేదు, అది వేరే సంగతి. గేమంట! కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టర్‌లో వేసుకుని తిరిగే రైతునడగండి, గేమో కాదో. అయినా ఆయన్నని ఏం లాభం? మీరు తెచ్చే గ్రాఫులూ అట్లాగే ఉన్నాయి. ఒక్కసారి రన్ చేస్తారు, గీత కిందికి దిగగానే మా అల్గారిథమే గొప్పంటారు.

వెనక బెంచీ బాబూ, ఫోన్ పక్కన పెట్టు, నీ ప్రాజెక్టు గురించే చెప్తున్నా. పోల్చే రెండు అల్గారిథమ్‌లకూ అవే సీడ్‌లు, అంటే ర్యాండమ్ అంకెల వరసను మొదలుపెట్టే సంఖ్యలు, ఇవ్వండి. అవే మోటార్లు, అవే బ్రేక్‌డౌన్‌లు రావాలి. నెట్‌లోగోలోనే బిహేవియర్‌స్పేస్ అనే టూల్ ఉంది కదా, వందలసార్లు అదే నడుపుతుంది. సగటు పక్కన అన్నిటికంటే చెడ్డ రన్ కూడా గీయండి. గెలిచింది కదా అని నిరూపించామనొద్దు, అట్లాంటి పరిస్థితుల్లో గెలిచిందనే రాయండి.

రివ్యూకు వచ్చేటప్పుడు సీడ్‌ల లిస్టు తెచ్చుకోండి. గ్రాఫ్ తర్వాత చూస్తా.