ఫోన్-ఇన్: ప్రెస్సుకి గార్డు ఎవరితో పెట్టించాలి?

యాంకర్: నమస్కారం అండీ, చెప్పండి.

కాలర్: నమస్కారం మేడమ్. నాది చిన్న వర్క్‌షాప్. రెండు పవర్ ప్రెస్సులున్నాయి, రేకుని డై అనే అచ్చులో పెట్టి నొక్కే మెషీన్లు. పోయిన నెల మా కుర్రాడి గ్లవ్ డైలో ఇరుక్కుంది. వేళ్లు దక్కాయి, కానీ అప్పట్నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టట్లేదు. చెయ్యి లోపలికి పోకుండా అడ్డుగా గార్డులు పెట్టించడానికి ముగ్గురిని అడిగితే మూడు రకాల కొటేషన్లు ఇచ్చారు. ఎవరిని నమ్మాలో తెలియట్లేదు.

ఇంజనీరు: అబ్బాయి వేళ్లు దక్కాయి, అది చాలండీ. ఆ ముగ్గురిలో మెషీన్ నడుస్తుండగా వచ్చి చూసింది ఎందరు?

కాలర్: ఒక్కరే సార్. మిగతా ఇద్దరూ ఫొటోలు పంపమన్నారు.

ఇంజనీరు: అయితే ఆ ఇద్దరినీ పక్కన పెట్టండి. డై మార్చేటప్పుడు, ముక్క ఇరుక్కున్నప్పుడు, తుడిచేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో ఫొటోలో కనిపించదు. వచ్చినాయన ఏమన్నారు?

కాలర్: రెండిటికీ లైట్ కర్టెన్ పెడదామన్నారు, అదే, చెయ్యి అడ్డొస్తే మెషీన్‌ని ఆపమనే కాంతి కిరణాల తెర.

ఇంజనీరు: పెడల్ తొక్కాక మీ ప్రెస్సులు మధ్యలో ఆగుతాయా?

కాలర్: కొత్తదానికి గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ క్లచ్ ఉంది, ఆగుతుంది. పాతది ఆగదు సార్. తొక్కితే ర్యామ్, అంటే పైనుంచి నొక్కే భాగం, కిందికొచ్చి మళ్లీ పైకి వెళ్లాకే ఆగుతుంది.

ఇంజనీరు: అయితే పాతదానికి లైట్ కర్టెన్ వద్దే వద్దండీ. చెయ్యి అడ్డొచ్చిందని కర్టెన్ కనిపెట్టినా ర్యామ్ ఆగదు కదా! పైగా కర్టెన్ ఉందన్న ధైర్యంతో కుర్రాడు ఇంకా దగ్గరగా చెయ్యి పెడతాడు. దానికి డై చుట్టూ కదలని గార్డు కావాలి. ముక్క లోపలికి వెళ్లేంత సందే ఉండాలి, స్పానర్ లేకుండా ఊడి రాకూడదు. గార్డుని జాలీతో చేస్తే, దాని కన్ను 20 మిల్లీమీటర్లయితే, జాలీకీ డైకీ మధ్య కనీసం 120 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. ఈ లెక్క మెషీన్ సేఫ్టీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13857లో ఉంది. వచ్చినాయన క్లచ్ సంగతి అడగకుండానే కర్టెన్ అన్నారంటే, నాకైతే నమ్మకం కుదరట్లేదు.

కాలర్: మరి కొత్తదానికి?

ఇంజనీరు: దానికి కర్టెన్ పనికొస్తుంది, కానీ ఎంత దూరంలో పెట్టాలన్నదే అసలు ప్రశ్న. చెయ్యి సెకనుకు 2,000 మిల్లీమీటర్ల వేగంతో వస్తుందని లెక్కేస్తారు. చెయ్యి కర్టెన్‌కి అడ్డొచ్చినప్పటి నుంచి ర్యామ్ పూర్తిగా ఆగేదాకా మొత్తం 0.2 సెకను పడితే, వేలిని గుర్తించే 14 మిల్లీమీటర్ల కర్టెన్‌ని కూడా డైకి కనీసం 400 మిల్లీమీటర్ల దూరంలో పెట్టాలి. బ్రేకు అరిగితే ఆ దూరం సరిపోదు. అందుకే 'ఆగే సమయం మీటర్ తెచ్చి కొలుస్తారా, ఆ రిపోర్టు ఇస్తారా?' అని అడగండి. తడబడితే వదిలేయండి.

యాంకర్: అసలు ఇలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారండీ?

ఇంజనీరు: ముందు ప్రెస్సు తయారుచేసిన కంపెనీని అడగండి, ఆ మోడల్‌కి గార్డు వాళ్ల దగ్గరే ఉండొచ్చు. తర్వాత సేఫ్టీ స్విచ్‌లు చేసేవాళ్లు. పిల్జ్, ష్మెర్సల్ లాంటివి సామాను అమ్మడంతో ఆగవు, మెషీన్ సేఫ్టీ సర్వీసు కూడా చేస్తాయి. ఇలాంటి ప్రెస్సే ఉన్న పాత కస్టమర్ల నంబర్లు అడిగి, వాళ్ల షాపుకెళ్లి చూడండి. గార్డు ఇంకా మెషీన్ మీదే ఉందా, ఊడదీసి మూలన పెట్టారా అన్నది చూస్తే చాలు. ఇంకొకటి, జాలీ ఒకరు, వైరింగ్ ఇంకొకరు చేస్తే తేడా వచ్చినప్పుడు ఇద్దరూ తప్పుకుంటారు. కొలత నుంచి చివరి టెస్టు దాకా ఒక్కరే బాధ్యత తీసుకుంటామని రాసివ్వాలి.

కాలర్: మా ఆపరేటర్లే పని స్లో అవుతుందని ఊడదీస్తారేమో సార్, ఆ టెన్షనూ ఉంది.

ఇంజనీరు: డ్రాయింగ్ గీసేటప్పుడు ఆ కుర్రాడినే పక్కన కూర్చోబెట్టండి. చెయ్యి ఎక్కడ ఆడాలో అతనికే తెలుసు. గార్డు వచ్చేదాకా పాత ప్రెస్సు నడపకండి.

కాలర్: దాని మీద ఆర్డరు ఉంది సార్... సరే. మెయిన్ తీసేసి తాళం వేయిస్తాను, ఇవాళే.