తాతయ్య లెక్క బస్తాల్లోనే

శ్రోతలకు నమస్కారం.

మా తాతయ్యకి రూపాయల్లో చెబితే ఏదీ ఎక్కేది కాదు. లెక్కలు రాక కాదు. సొసైటీ అప్పు, దాని వడ్డీ పైసలతో సహా నోటికి చెప్పేవారు. కానీ ఏ వస్తువు ఖరీదు విన్నా ముందు దాన్ని బస్తాల్లోకి మార్చుకోవాల్సిందే. మా కోనసీమలో బస్తా అంటే 75 కిలోల ధాన్యం. ఇంటికి ఫ్యాను కొన్నా, అత్తయ్యకి గొలుసు చేయించినా, "ఇదెన్ని బస్తాలు?" అన్నదే మొదటి ప్రశ్న. నాయనమ్మ విసుక్కునేది. "ఈయన లెక్కలు వింటుంటే చీర కట్టుకున్నట్టు లేదు, వడ్లు చుట్టుకున్నట్టుంది" అని.

మా ఊరు గోదావరి పాయ గౌతమి ఏటిగట్టుకి దగ్గర. వేసవి సెలవులకి వెళ్లేసరికి కాలువలు కట్టేసి ఉండేవి. మా వైపు వానాకాలం పంటని సార్వా, దాని తర్వాతి రెండో పంటని దాళ్వా అంటారు. ఆ దాళ్వా నూర్పిళ్లు అయిపోయి ధాన్యం ఎండలో ఉండేది. తాతయ్య వెనకాల తిరగడమే నా పని. ఆయన వంగి గుప్పెడు గింజలు తీసి, ఒకటి పంటికింద పెట్టి కొరికేవారు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ పడాలి. నా నోట్లోనూ ఒకటి వేసి "ఏమంటోందిరా?" అని అడిగేవారు. నాకు ఊక గుచ్చుకోవడం తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా పెద్దరికంగా "ఇంకో ఎండ" అనేవాణ్ణి.

తర్వాతెప్పుడో ధాన్యం కొనే చోటికి తేమ కొలిచే మిషన్లు వచ్చాయి. 17 శాతం దాటితే పేచీయే. మా వంతు వచ్చినప్పుడు తాతయ్య గింజ కొరికి "పదహారు" అన్నారు. మిషన్ కూడా పదహారు చిల్లర చూపించింది. అక్కడి కుర్రాడు నవ్వి, "తాతగారూ, బ్యాటరీ అయిపోతే మీకు కబురు చేస్తాం" అన్నాడు. "పళ్లు ఊడకముందే చెయ్యి నాయనా" అన్నారీయన.

1986 ఆగస్టు వరద కోనసీమ వాళ్లెవరూ మర్చిపోలేరు. భద్రాచలం దగ్గరే గోదావరి 75.6 అడుగులకి లేచింది. గట్టు తెగిందన్న కబురు రాగానే ఇంట్లోవాళ్లు నగలు, దస్తావేజులు మూటగట్టుకుంటుంటే, తాతయ్య మాత్రం విత్తనాల బస్తాలు అటక మీదకి చేరవేస్తున్నారు. నాయనమ్మ కేకలేసింది. "నీ బంగారం మొలుస్తుందటే?" అన్నారాయన, బస్తా దించకుండానే. నీళ్లు తీశాక చూస్తే నాట్లన్నీ కుళ్లిపోయాయి. మళ్లీ నారు పోసుకుందామంటే ఊళ్లో విత్తనానికి కటకట. వీధి అరుగు మీద కూర్చుని తాతయ్య కుంచంతో కొలిచి ఇవ్వడం నాకు బాగా గుర్తు. కుంచం నిండాక పైన ఇంకో దోసెడు వేసేవారు. నాన్న పుస్తకం తెచ్చి రాయబోతే, "పంటకి వాళ్లే ఇస్తార్లే, పుస్తకం లోపల పెట్టు" అన్నారు. అందరూ ఇచ్చారా అంటే, ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

2005లో హైదరాబాద్‌లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. జీతం 12,000. ఫోన్‌లో చెప్పగానే అటువైపు కాసేపు మాట లేదు. లెక్క కడుతున్నారని నాకు తెలుసు. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకి 570 రూపాయలు. "ఇరవై ఎనిమిది బస్తాలు! అంటే నెలకో ఎకరం సార్వా కోస్తున్నావన్నమాట" అన్నారు. నేనింకా పొంగిపోతూనే ఉన్నాను, "మరి పెట్టుబడెంత?" అని వచ్చింది రెండో ప్రశ్న. గది అద్దె, మెస్సు, బస్ పాస్ అన్నీ చెప్పించుకుని, సగానికి సగం తీసేసి, "ఫర్వాలేదు, వరద భయం లేని చేను" అని తేల్చారు. ఆ తర్వాత ఊళ్లో ఎవరు అడిగినా, "మావాడు పట్నంలో నెలకో ఎకరం కోస్తున్నాడు" అని చెప్పుకున్నారట. నా డిగ్రీ పేరు మాత్రం చివరిదాకా ఆయన నోరు తిరగలేదు.

మా అబ్బాయిని ఎల్‌కేజీలో వేసినప్పుడు ఫీజు 40,000. అప్పటికి బస్తా వెయ్యికి దగ్గర పడింది. "నలభై బస్తాలు పోసి అఆలా? పది బస్తాలియ్యి, నేను చెబుతా" అన్నారు. ఉత్తినే అనలేదు. ఆ వేసవిలో పళ్లెంలో బియ్యం పోసి, మునిమనవడి వేలు పట్టుకుని రోజూ దిద్దించారు. సెలవులైపోయి బయల్దేరేటప్పుడు నా ముందు చెయ్యి చాపి పది బస్తాల డబ్బూ వసూలు చేసుకున్నారు. వారం తిరక్కుండా, ఆ డబ్బుతో కొన్న సైకిలు పార్శిల్ సర్వీసులో మా ఇంటికి వచ్చింది, రవాణా ఛార్జీలు మేమే కట్టుకునేలా.