క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు పట్టేస్తోందా? క్యాప్ కొనేముందు ఇది చూడండి

పెద్ద లారీ నడిపేవాళ్లకి కుడి మోకాలు బాగానే ఉండి ఎడమది ఒక్కటే సలుపుతుంటే, ముందు అనుమానించాల్సింది క్లచ్‌నే. ఇవాళ నాలుగు మార్గాలు చూద్దాం: మోకాలి క్యాప్, పెడల్ ప్యాడ్, సీటు సర్దుకోవడం, క్లచ్ బూస్టర్ (పెడల్ తొక్కడానికి గాలి బలంతో సాయపడే భాగం) బాగుచేయించడం. చాలామంది మొదట కొనేది క్యాప్. మొదట చూడాల్సింది మాత్రం బూస్టర్. క్లచ్ పెడలే లేని ఆటోమేటెడ్ గేర్‌బాక్స్ బండ్లవాళ్లు హాయిగా వేరే వీడియోకి వెళ్లిపోవచ్చు.

గాలి బూస్టర్ ఉన్న బండిలో పరీక్ష ఇలా చేయండి. చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టండి. గాలి ట్యాంకులు నిండాక ఇంజిన్ ఆపేసి, క్లచ్ ఒకసారి తొక్కి ఎంత బరువుందో గమనించండి. తర్వాత ట్యాంకుల కింద ఉండే డ్రెయిన్ వాల్వులు తెరిచి గాలంతా వదిలేయండి. క్లచ్‌కి గాలి వేరే ట్యాంకు నుంచి వస్తుంటే దాన్నీ ఖాళీ చేయాలి. ఇప్పుడు మళ్లీ తొక్కండి. ఈసారి రాయిలా ఉండాలి. మొదటిసారీ రెండోసారీ ఒకేలా గట్టిగా ఉందంటే బూస్టర్ ఉన్నా లేనట్టే, క్లచ్ స్ప్రింగ్ బలమంతా మీ మోకాలే మోస్తోంది.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి మళ్లీ గాలి నింపి, ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ తొక్కి పట్టుకోండి, ఇంకొకరు బూస్టర్ దగ్గర చెవి పెట్టండి. పెడల్ వదిలినప్పుడు ఒక్కసారి తుస్సుమనడం మామూలే. తొక్కి పట్టుకున్నంతసేపూ సుయ్‌మని గాలి పోతూనే ఉంటే లోపల సీలు పోయింది. శబ్దమే లేకుండా పెడల్ బరువుగా ఉంటే గాలి పైపు మడతపడిందేమో, మూసుకుపోయిందేమో చూడండి. బూస్టర్ రబ్బరు బూటు ఎత్తితే లోపల తడిగా ఉందా? అది క్లచ్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని బూస్టర్‌కి చేర్చే ద్రవం) కారడం.

ఇక్కడ ఒక మాట. పెడల్ బరువుగా ఉందని చెప్పగానే కొందరు మెకానిక్‌లు బ్లీడింగ్ (ఫ్లూయిడ్ లైనులో చేరిన గాలి తీసేయడం) చేసి పంపేస్తారు. ఫ్లూయిడ్ లైనులో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది, గేర్లు గీరుకుంటాయి, అంతేగాని బరువెక్కదు. బరువుకి బ్లీడింగ్ చేయడమంటే తలనొప్పికి కాలికి కట్టు కట్టడమే. ఇంకోటి, బ్రేక్ ఫ్లూయిడ్ వాడే సిస్టంలో ఇంజిన్ ఆయిల్ పోయకండి. రబ్బరు సీళ్లు ఉబ్బి పట్టేస్తాయి. ఏది పోయాలో బండిలోని ఫ్లూయిడ్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

బూస్టర్ బాగానే ఉన్నా బరువు తగ్గలేదంటే క్లచ్‌ని విడదీసే ఫోర్కు షాఫ్టు బుష్‌లు ఎండిపోయి ఉండొచ్చు, వాటికి గ్రీజు పట్టించండి. లేదంటే క్లచ్ ప్లేటు అరిగిపోయి ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ దాన్ని బిగించి పట్టే డయాఫ్రమ్ స్ప్రింగ్ కూర్చునే కోణం మారి, ఆ స్ప్రింగ్‌ని నొక్కడానికి మునుపటికన్నా ఎక్కువ బలం కావాలి. కొత్త సెట్ వేయగానే పెడల్ తేలికైనట్టు అనిపించేది అందుకే.

సీటుకి రూపాయి ఖర్చు లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ముందు ఎత్తు, తర్వాత ముందుకీ వెనక్కీ, ఆపైన వీపు, చివర స్టీరింగ్. ఈ వరుసలోనే సర్దండి, రోజూ వేసుకునే బూట్లతోనే. పెడల్ చివరిదాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. పూర్తిగా నిటారైపోయి, నడుం ఒక పక్కకి జారుతోందంటే సీటు దూరం. అలాగని మరీ దగ్గరికి లాక్కుంటే మోకాలు బాగా మడతపడుతుంది. అలా మడిచి బలంగా నెట్టేటప్పుడే మోకాటి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. గాలి సీటైతే మీ బరువుకి తగ్గట్టు సెట్ చేయండి, లేకపోతే గుంత వచ్చినప్పుడల్లా సీటు దిగి కొలత మారిపోతుంది.

తొక్కేటప్పుడు వేళ్ల కొసలతో కాదు, వేళ్ల కింద మెత్తటి భాగంతో తొక్కాలి. మోకాలు లోపలికి వాలకుండా పాదానికి సూటిగా ఉండాలి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసేయండి, మోకాలితోపాటు రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్ స్ప్రింగ్‌ని నెట్టేది) కూడా బతుకుతుంది. సింక్రోమెష్ (గేర్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేని గేర్‌బాక్సైతే నడుస్తుండగా గేరు మార్చడానికి పెడల్ పైపైన తొక్కితే చాలు. నేలదాకా తొక్కితే క్లచ్ బ్రేకు (బండి ఆగి ఉన్నప్పుడు గేరు పడేందుకు గేర్‌బాక్స్ షాఫ్టుని ఆపేది) అరిగిపోతుంది.

పెడల్ ప్యాడ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పలచటి రబ్బరు ప్యాడ్ జారకుండా పట్టు ఇస్తుంది, బరువు తగ్గించదు. మందపాటి దిమ్మలు వద్దు. పెడల్ ఎత్తు పెరిగి మోకాలు ఇంకా మడవాల్సి వస్తుంది, పైగా ఊడిపడి బ్రేకు కింద ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇక క్యాప్. మెత్తటి గుడ్డ క్యాప్ వెచ్చదనమిస్తుంది, కాస్త ఊరటగా ఉంటుంది. స్ప్రింగ్ బలంలో గ్రాము కూడా తగ్గదు. తీశాక మోకాలి వెనక ఎర్రటి గాడి పడినా, పిక్క ఉబ్బినా అది బిగువు, సైజు మార్చండి. ఇనుప పట్టీలుండే బ్రేస్ మాత్రం స్టీరింగ్ వెనక వేసుకోకండి, కాలు పెడల్ మీదికి సరిగ్గా రాదు.

తొడ కండరం గట్టిపడటానికి, బండి ఆపినప్పుడు కాలు నిటారుగా చాపి, తొడ బిగించి 10 సెకన్లు పట్టి వదలండి, 10 సార్లు. మోకాలు వాచినా, మడిచాక లాక్ అయిపోతున్నా, నిలబడితే జారిపోతున్నట్టున్నా ఇవేవీ చేయకండి, ముందు ఎముకల డాక్టరుకి చూపించండి.