మునగ చెట్టు తరఫున నాలుగు మాటలు

హన్మకొండ కాలనీ పెద్దలకు, అక్కలకు, అప్పుడే సమోసాల వైపు చూస్తున్న పిల్లలకు నమస్కారం. వనమహోత్సవం కదా, మొక్కలు నాటడం మీద ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నాటండి. దాని గురించి అంతే. నీళ్ళ ట్యాంకు పక్కన మొన్నటిదాకా ఉన్న మునగ చెట్టు సంగతి మాట్లాడాలి.

గొంగళి పురుగులు పట్టాయని కొట్టేశారు. నిజమే, వానలు పడగానే మొదలంతా పురుగులే, ఒకదాని మీద ఒకటి. చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, వెంట్రుకలు తగిలితే దురద. కాదనను. కానీ పగలు అవి పడుకుని ఉంటాయి. చీకటి పడ్డాక పైకి పాకి ఆకు మేస్తాయి, తెల్లారేసరికి దిగొచ్చి మళ్ళీ గుంపు కడతాయి. రాత్రి చెట్టు కింద నిలబడితే వాటి పెంట టపటపా రాలుతుంటే చినుకులనుకుంటాం. ఇది చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? చేతులెత్తండి... సరే.

ఫ్రాన్సులో ఫాబ్ర్ అని పురుగుల మీద పరిశోధన చేసిన ఒకాయన. నా విద్యార్థులు ఈ కథ ఏటా విన్నారు, మీరూ వినాల్సిందే. 1896లో దేవదారు లాంటి పైన్ చెట్ల మీది గొంగళ్ళను పెద్ద కుండీ అంచు మీద వరసగా నడిచేలా చేశాడు. ఇవి వేరే రకం, నడుస్తూ పట్టుదారం వదులుతాయి, వెనకది ఆ దారం మీదే వస్తుంది. వరస గుండ్రంగా కలిసిపోయింది. ఏడు రోజులు తిరిగాయి! చలి రాత్రుల్లో ముద్దగా ముడుచుకోవడం, మళ్ళీ నడక. చివరికి అలసిపోయి కొన్ని పక్కకు తప్పుకున్నాకే ఆ చుట్టు విడింది. అందరూ నవ్వి, ఎంత తెలివితక్కువవి అంటారు. నాకు కోపం వస్తుంది. చెట్టు మీద ఆ దారమే వాటిని మేతకు తీసుకెళ్ళి గూటికి తిరిగి చేరుస్తుంది. కుండీ పెట్టింది మనిషి!

ఏం చెప్తున్నాను? ఆఁ, మునగ. ఆకంతా పోయినా మునగ మళ్ళీ చిగురిస్తుంది. వానలతో వచ్చే చాతకపక్షికి ఆ వెంట్రుకల పురుగులే ఇష్టమైన తిండి. మన మహాదేవపూర్ దిక్కు మద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులకు పిట్టలు తినకుండా మనుషులు కాపలా కాస్తారు. మనమేమో రంపం తెచ్చాం.

రెండో వీధిలో ఇంకో మునగ ఉంది. సెక్రటరీ గారూ, దాన్ని ముట్టుకోవద్దు. పిల్లలూ, ఎనిమిదింటికి టార్చీలు పట్టుకుని రండి. నిండు చేతుల చొక్కా వేసుకోండి, పురుగుల మీద చెయ్యి మాత్రం వెయ్యకండి.