వైరల్ లోడ్ కాగితం మీద ఉన్న మాట
(సోంపేటలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో హెచ్‌ఐవీకి మందులు వాడుతున్నవాళ్లున్నారు, వాళ్ల ఇంటివాళ్లున్నారు, ఆశా కార్యకర్తలున్నారు, నర్సింగ్ చదివే పిల్లలున్నారు. ఎవరు ఎందుకొచ్చారో పక్కవాళ్లను అడగొద్దని ముందుగానే కోరుతున్నాను.

నేను ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణచిపెట్టే మందుల చికిత్స, ఇచ్చే సెంటర్‌లో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల బోట్ల మీద పనికెళ్లే తమ్ముడొకడు ఒకరోజు వైరల్ లోడ్ రిపోర్టు చేతిలో పట్టుకుని వచ్చాడు. "అక్కా, నాట్ డిటెక్టెడ్ అని రాసుంది. జబ్బు పోనాది కదా, ఇంకేటికి మాత్రలు?" అన్నాడు. బయట లైను పెద్దదిగా ఉంది. "పోలేదు, వేసుకుంటూనే ఉండాలి" అని ఒక్క ముక్క చెప్పి పంపేశాను. ఏడాది తిరిగాక బరువు సగమై, నోటినిండా తెల్ల పూతతో వచ్చాడు. తప్పు అతనిది కాదు. ఆ మాటకి అర్థం విడమరిచి చెప్పాల్సింది నేను. అందుకే ఇవాళ ఆ ఒక్క కాగితం గురించే మాట్లాడతాను.

వైరల్ లోడ్ అంటే ఒక మిల్లీలీటరు రక్తద్రవంలో, అంటే సుమారు ఇరవై చుక్కల్లో, వైరస్ ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్క. మందులు మొదలుపెట్టకముందు అది లక్షల్లో కూడా ఉండొచ్చు. మాత్రలు రోజూ పడితే కొన్ని నెలల్లోనే బాగా పడిపోతుంది. మిషన్ ఎంత మంచిదైనా దాని చూపుకి ఒక హద్దుంటుంది. కొన్ని మిషన్లకి అది 20 ప్రతులు, కొన్నింటికి 40 లేదా 50. ఆ హద్దుకి దిగువన ఉన్నదాన్ని అది లెక్కపెట్టలేదు. 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అంటే రక్తంలో మిషన్‌కి దొరకలేదని. ఒంట్లో లేదని కాదు.

మరి ఎక్కడుంది? మన పొలాల్లో తుంగ తెలుసు కదా. పైన ఎంత శుభ్రంగా పీకేసినా మట్టిలో గడ్డలుండిపోతాయి. నాలుగు రోజులు వదిలేస్తే మళ్లీ గట్టంతా తుంగే. ఈ వైరస్ కూడా కొన్ని రక్షణ కణాల లోపల నిద్రపోతూ ఉంటుంది. మందు ఆ నిద్రపోతున్నదాన్ని తాకలేదు. లేచి పెరగబోయేదాన్ని మాత్రం పెరగనివ్వదు. మాత్ర ఆపితే, సాధారణంగా కొన్ని వారాల్లోనే నంబరు మళ్లీ పైకి లేస్తుంది.

ఇక నంబర్ల దగ్గరికి వద్దాం. మందులు మొదలెట్టిన ఆరో నెలలో ఒకసారి, పన్నెండో నెలలో ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఈ పరీక్ష చేస్తారు. ఏఆర్‌టీ సెంటర్లలో ఇది ఉచితం. పరగడుపున రావక్కర్లేదు. 1,000కి దిగువన ఉంటే మందు పనిచేస్తోందని లెక్క. పోయినసారి నాట్ డిటెక్టెడ్, ఈసారి 90 వచ్చిందని ఒక అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. అలాంటి చిన్న లేపు ఒక్కోసారి ఎవరికైనా వస్తుంది, మళ్లీ దానంతటదే దిగుతుంది. 30,000 ఉన్నది 60,000 అయిందంటే రెట్టింపయిందని బెంబేలు పడకండి, ఈ పరీక్షలో ఆమాత్రం తేడా మామూలే. ఆ రెండూ ఎక్కువే, అది వేరే సంగతి. సీడీ4తో దీన్ని కలిపేసుకోవద్దు. సీడీ4 అంటే ఒంట్లో రక్షణ కణాల లెక్క, మీ బలం లెక్క. ఇది వైరస్ లెక్క. ఆలస్యంగా మందులు మొదలెట్టినవాళ్లకి వైరస్ పూర్తిగా అణిగినా బలం పుంజుకోవడానికి ఏళ్లు పడుతుంది. అందాకా డాక్టరు ఇచ్చే మిగతా మాత్రలు కూడా మానకూడదు.

వెయ్యి దాటితే? ఇక్కడే మనుషులు ముడుచుకుపోతారు. తిడతారేమోనని సెంటర్‌కి రావడమే మానేస్తారు. దాచొద్దు. కౌన్సెలింగ్ చేస్తారు, మాత్రలు సరిగ్గా పడుతున్నాయో చూస్తారు, సుమారు మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేస్తారు. చాలామందికి అదే మందుతో నంబరు దిగిపోతుంది. కారణాలు మనిషి మనిషికీ వేరు. ఒకాయనకి బోటు మీద మాత్రలు అయిపోయాయి. ఒక కోడలు అత్తగారి కంటపడకుండా డబ్బా బియ్యం డ్రమ్ములో దాచి, వంటగదిలో ఎవరూ లేని రోజే వేసుకునేది. ఇంకొకామె ఒక్క రోజూ మానలేదు, కానీ గ్యాస్ మందు, కాల్షియం మాత్ర దాంతోపాటే మింగేది. ఇప్పుడు మనకిచ్చే మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంది. యాంటాసిడ్‌తో, అంటే ఆ గ్యాస్ మందుతో, కలిస్తే అది ఒంటికి సరిగా పట్టదు. యాంటాసిడ్‌కి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే, భోజనంతోపాటు వేసుకునేటట్టయితే ఈ మాత్రతో కలిపే వేసుకోవచ్చు. టీబీ మందులు వాడేవాళ్లకి డోలుటెగ్రావిర్ రెండో మోతాదు కూడా కావాలి. నాటు మందైనా సరే, వాడుతున్నదంతా చెప్పండి.

మన ఉద్దానంలో ఇంకొక మాట చెప్పకుండా వెళ్లలేను. అదే మాత్రలో టెనోఫోవిర్ కూడా ఉంది. కొందరిలో అది కిడ్నీ మీద భారం వేస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను గుల్ల చేసిందో మీకు నేను చెప్పాలా? వైరల్ లోడ్ బాగుంది కదా అని కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష వదిలేయకండి. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లుంటే మందు మొదలెట్టకముందే చెప్పండి. అవసరమైతే మందు మార్చే వీలుంది. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

భార్యాభర్తలు నన్ను చెవిలో అడిగే ప్రశ్న ఒకటుంది. ఇక్కడ పైకే చెబుతాను. యూరప్‌లో పార్టనర్ అనే అధ్యయనంలో, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మందులతో వైరస్ 200 లోపు ఉన్న జంటలను ఏళ్ల తరబడి గమనించారు. కండోమ్ లేకుండా కలిసినా, ఒక్కరికి కూడా తమ భాగస్వామి నుంచి వైరస్ సోకలేదు. ఈ సంగతి విని నా ఎదురుగా ఏడ్చేసిన మగవాళ్లున్నారు. మిగతా సుఖవ్యాధుల నుంచి కాపాడేది కండోమే, అది మరవొద్దు. తల్లిపాల విషయంలో ప్రమాదం బాగా తగ్గుతుంది గానీ సున్నా అని అనలేం. గర్భిణులకి నిండు నెలల్లో ఈ పరీక్ష చేసేది బిడ్డ కోసమే.

వేరావల్‌కో, చెన్నైకో పనికెళ్లేవాళ్లు బయల్దేరేముందు సెంటర్‌లో చెప్పండి. ఎక్కువ నెలలకి మందులు ఇవ్వగలరేమో, అక్కడి సెంటర్‌కి రాసివ్వగలరేమో చూస్తారు. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బు పడదు. మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది.

ఆ తమ్ముడు మళ్లీ మందులు మొదలెట్టాడు. ఆరో నెల రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఈసారి నువ్వు చదివి చెప్పక్కా, లైను ఉన్నా సరే" అన్నాడు. ఇవాళ లైను లేదు. నేను సాయంత్రం దాకా ఆ కిటికీ పక్క కుర్చీలో ఉంటాను. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు పేరున్న భాగం మడతపెట్టి తీసుకురండి, నాకు నంబరు, తేదీ కనబడితే చాలు.