బాల్కన్ దేశాల్లో కారు ప్రయాణం: గూగుల్ మ్యాప్స్‌లో రూటు గీసుకోవడం ఎలా?

నమస్కారం. క్రొయేషియాలోని స్ప్లిట్ నగరంలో కారు అద్దెకు తీసుకుని, ఆరు దేశాలు చుట్టి మళ్లీ అక్కడికే చేరుకునే రూటును ఈ వీడియోలో గీసి చూపిస్తాను.

బయలుదేరే చోట స్ప్లిట్ అని టైప్ చేసి, దాని కింద వరుసగా మోస్తార్, సరయేవో (బోస్నియా), బెల్‌గ్రేడ్ (సెర్బియా), స్కోపియే (ఉత్తర మాసిడోనియా), ప్రిజ్రెన్ (కొసోవో), ష్కోడర్ (అల్బేనియా), కోటోర్ (మాంటెనెగ్రో), డుబ్రోవ్నిక్ (క్రొయేషియా), చివరగా మళ్లీ స్ప్లిట్ ఇవ్వండి. గూగుల్ మ్యాప్స్ పది చోట్లకు మించి ఇవ్వనివ్వదు కాబట్టి కొసోవో రాజధాని ప్రిష్టినాను వదిలేశాను. నేనైతే రూటును రెండు ట్యాబుల్లో సగం సగంగా గీసుకుంటాను, మార్పులు చేయడం తేలిక.

ఇప్పుడు ఈ వరుసను గమనించండి. సెర్బియా ముందు, కొసోవో తర్వాత. ఈ ఒక్క క్రమాన్ని మాత్రం మార్చకండి. కొసోవో 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నా సెర్బియా దానిని గుర్తించలేదు, అందుకే మ్యాపులో ఆ సరిహద్దు ఇదిగో ఇలా తెగిన గీతలా కనిపిస్తుంది. అల్బేనియా వైపు నుంచో, ఉత్తర మాసిడోనియా వైపు నుంచో కొసోవోలోకి వెళ్లి, అక్కడి నుంచి నేరుగా సెర్బియాలోకి రాబోతే, సెర్బియా లెక్కలో మీరు అనుమతి లేని దారిన దేశంలోకి వచ్చినట్టే కాబట్టి, సరిహద్దు దగ్గరే వెనక్కి పంపించే అవకాశం ఉంటుంది. మన రూటులో సెర్బియా పని బెల్‌గ్రేడ్‌తో ముగించుకుని, ఉత్తర మాసిడోనియాలోకి దాటి, స్కోపియే నుంచి కొసోవోలోకి వెళ్తున్నాం. ఇక వెనక్కి తిరిగే అవసరమే రాదు. భారతదేశం కూడా కొసోవోను గుర్తించలేదు, అక్కడ మన ఎంబసీ లేదు కనుక పాస్‌పోర్టు విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

వీసా సంగతి. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, చేరింది. మోస్తార్ దారిలో బోస్నియాలోకి దాటగానే షెంగెన్ నుంచి బయటపడతారు, డుబ్రోవ్నిక్ దగ్గర మళ్లీ ప్రవేశిస్తారు. అందువల్ల భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారి షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకటికి మించి సార్లు లోపలికి రానిచ్చేది, అయి ఉండాలి. దానిపై మిగతా దేశాలు ఎన్ని రోజులు ఉండనిస్తాయో ఆయా ఎంబసీల సైట్లలో చూసుకోండి.

కారు కాగితాలు. ఏయే దేశాలకు వెళ్తున్నారో కారు అద్దెకిచ్చే సంస్థకు ముందే చెప్పి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. తెరపై ఉన్నది గ్రీన్ కార్డ్ అనే అంతర్జాతీయ బీమా పత్రం. పేరు గ్రీన్ అయినా 2020 నుంచి తెల్ల కాగితంపైనా ముద్రిస్తున్నారు. ఈ గళ్లలో ఒక్కో దేశానికి ఒక్కో కోడ్ ఉంటుంది; కొట్టివేసిన గడి ఉంటే ఆ దేశంలో ఈ బీమా చెల్లదు. మళ్లీ చెబుతున్నాను, తాళాలు చేతికి తీసుకునే ముందే కౌంటర్ దగ్గర నిలబడి ప్రతి గడీ చూసుకోండి, ముఖ్యంగా అల్బేనియా, ఉత్తర మాసిడోనియా గళ్లు. కొసోవో ఈ గళ్లలో కనిపించదు, ఎందుకంటే అది ఈ వ్యవస్థలో లేదు. అక్కడి బీమాను సరిహద్దులోనే విడిగా కొనుక్కోవాలి.

డబ్బు విషయం తేలికే: క్రొయేషియా, మాంటెనెగ్రో, కొసోవోలలో యూరోలు చెల్లుతాయి, మిగతా చోట్ల స్థానిక కరెన్సీ కావాలి.

కోటోర్ నుంచి డుబ్రోవ్నిక్‌కు మ్యాపు ఒక్కోసారి లెపెతానె దగ్గర ఫెర్రీ ఎక్కమంటుంది. తొందర లేకపోతే పెరాస్త్ మీదుగా ఖాతం చుట్టూ వెళ్లే రోడ్డే నాకు ఇష్టం.

చివరి ముక్క. డుబ్రోవ్నిక్ నుంచి స్ప్లిట్‌కు పాత తీర రహదారి న్యూమ్ పట్టణం దగ్గర మళ్లీ బోస్నియాలోకి వెళ్లి వస్తుంది, అంటే అదనంగా రెండు సరిహద్దు తనిఖీలు. నీలి గీతను మౌస్‌తో పట్టుకుని ఇలా పడమటికి, 2022లో తెరిచిన పెల్యెషాత్స్ వంతెన మీదికి లాగండి; ఇక మొత్తం దారి క్రొయేషియాలోనే ఉంటుంది. ఇప్పుడు రూటును ఫోనుకు పంపి, ఈ దేశాల ఆఫ్‌లైన్ మ్యాపులు కూడా దించుకోండి, ఎందుకంటే యూరోపియన్ యూనియన్ ఉచిత రోమింగ్ బోస్నియా సరిహద్దు దాటగానే ఆగిపోతుంది.